ఆమె నోటితోనే చెప్పాలి: కామాక్షి గారి పదహారేళ్ల సేవ

2009 జూన్ 15, సోమవారం ఉదయం శ్రీమతి కామాక్షి గారు శంషాబాద్‌లోని మన సంతాన సాఫల్య కేంద్రంలో పిండశాస్త్ర నిపుణురాలిగా విధుల్లో చేరారు. కాకినాడలో జంతుశాస్త్రం చదువుకుని, భర్త నరసరాజు గారి ఉద్యోగరీత్యా హైదరాబాద్ వచ్చిన వారు, తొలినాడే ఇంక్యుబేటర్ తలుపును చప్పుడు కాకుండా మూయడం ఎలాగో అందరికీ నేర్పారు.

వారిది నలుగురి కంటా పడే పని కాదు. పది పన్నెండు రోజులు సూదిమందు పొడిపించుకున్న స్త్రీ నుంచి డాక్టర్లు సేకరించిన అండాలను, అదే రోజు భర్త వీర్యకణాలతో కలిపి, ఇంక్యుబేటర్ పెట్టెలో ఒంటి వెచ్చదనంతో ఐదు రోజులు కాపాడి, ఎదిగిన పిండాన్ని సన్నని గొట్టంలోకి ఎక్కించి అందించేదాకా బాధ్యత ప్రయోగశాల అనే ఆ చిన్న గదిదే. పది అండాల్లో ఆరు ఫలించవచ్చు, చివరికి ఒక్కటే మిగలవచ్చు, గర్భంలో అదీ నిలవకపోవచ్చు. ఈ మాటను వారు ఏ దంపతుల దగ్గరా దాచలేదు.

2013లో ప్రయోగశాల అధిపతి అయ్యాక వారు పెట్టిన నియమం ఒకటే. పిండాన్ని ఇంక్యుబేటర్‌లోంచి బయటికి తీసే ముందు బల్లమీది స్త్రీ తన పేరూ, భర్త పేరూ తన నోటితోనే చెప్పాలి. చాదస్తమని కొందరం నవ్వుకున్నాం. 2017 ఆగస్టులో ఒక ఉదయం ఆ నవ్వు ఆగిపోయింది.

ఆనాటి జాబితాలో ఇద్దరు సుమలతలు ఉన్నారు, ఒకరిది మంఖాల్, ఇంకొకరిది షాద్‌నగర్. ముందుగా బల్లమీదికి వచ్చింది మంఖాల్ సుమలత. పదకొండేళ్ల నిరీక్షణ, మూడో ప్రయత్నం, మిగిలింది ఒకే ఒక్క పిండం. స్కానింగ్‌లో గర్భాశయం స్పష్టంగా కనిపించాలని లీటరు నీళ్లు తాగించి పడుకోబెట్టారు. గోడలోని చిన్న కిటికీకి అవతల, ప్రయోగశాలలో, కామాక్షి గారు ఇంక్యుబేటర్ పక్కన నిలబడి ఉన్నారు.

నర్సు కళ్యాణి ఫైలు చూసి అడిగింది. "అక్కా, మీ ఆయన పేరు రవీందరే గదా?"

'మీ ఆయన పేరు' అన్న మాటకే, మిగతాది చెవిన పడకముందే, సుమలత సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది. దాన్నే అవునని అనుకుని కళ్యాణి ఫైలులో టిక్కు పెట్టింది.

"ఆమె చెప్పలేదు," అన్నారు కామాక్షి గారు కిటికీలోంచి.

"పేరు పట్టి పిలువం మేడం," అంది సుమలత. " పిలిస్తే ఆయుష్షు తగ్గుతదంటది మా అత్త. ఇయ్యాలనే గిట్ల అడుగుతున్రేంది?"

డాక్టర్ అరుణ్‌కుమార్ గారు గడియారం చూశారు. "ఫైలుంది, సంతకాలున్నాయి. ఇంకేం కావాలి మేడం?"

"అవి కాగితం సంగతులు డాక్టరు గారూ. నాకు మనిషి చెప్పాలి."

"వాళ్ల అత్తను పిలుస్త మేడం," అంది కళ్యాణి.

"బయట ఇద్దరు సుమలతల అత్తలూ కూర్చున్నారు. ఎవర్ని పిలుస్తావు?"

కామాక్షి గారు ఇంక్యుబేటర్ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. తలుపు తెరవకపోతే తాను మొండి మనిషి అనిపించుకుంటారు. తెరిచాక పొరపాటైతే, దాన్ని సరిదిద్దే దారి ఈ లోకంలో లేదు.

"జర జల్ది కానియ్యుండ్రి మేడం," అంది సుమలత నొప్పి ఓర్చుకుంటూ. "నీళ్లు తాపి పండబెట్టిండ్రు. ఇగ నాతోటి కాదు."

కామాక్షి గారు కిటికీకి దగ్గరగా వచ్చి మాస్కు సర్దుకున్నారు. "అమ్మా, నాకు పెళ్లై ఇరవయ్యేడేళ్లు. ఇంట్లో ఏమండీ అనడమే తప్ప మా ఆయన పేరు నేనూ ఎన్నడూ పలకలేదు. ముందు నేను చెబుతాను. నరసరాజు. ఇప్పుడు మీరు చెప్పండి."

సుమలత కళ్లు గట్టిగా మూసుకుంది. "బిక్షం."

కళ్యాణి చేతిలోని ఫైలు మీద రవీందర్ అనే ఉంది, అది షాద్‌నగర్ సుమలతది. కౌంటర్ దగ్గర రెండు ఫైళ్లూ తారుమారయ్యాయి. డాక్టరు గారు చేతిలోని ఖాళీ గొట్టాన్ని మెల్లగా ట్రేలో పెట్టేశారు. కళ్యాణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముందు ఆమె ఫైలు తీసుకురా తల్లీ," అన్నారు కామాక్షి గారు. "ఏడుపు తర్వాత."

సరైన ఫైలు వచ్చింది. సుమలత మళ్లీ పేరు చెప్పింది, ఈసారి కళ్లు తెరిచే. అప్పుడు తెరుచుకుంది ఇంక్యుబేటర్ తలుపు, చప్పుడు లేకుండా.

పద్నాలుగు రోజుల తరువాత రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా కామాక్షి గారికి అన్నం సయించలేదు. ఫలితం చూశాక, ఆ మధ్యాహ్నం డబ్బాలోని పులిహోరను మెతుకు మిగలకుండా తిన్నారు. నేడు మంఖాల్ బడిలో రెండో తరగతి చదువుతున్న సంయుక్త ఆ ఒక్క పిండమే. కళ్యాణి ఇప్పుడు మన ప్రధాన నర్సు. కొత్తగా చేరినవారికి ఆమె నేర్పే మొదటి మాట, "పేరు మనం చదవొద్దు, వాళ్లను చెప్పనియ్యాలె."

ఈ జూన్ 30న కామాక్షి గారు పదవీ విరమణ చేస్తున్నారు. మన పత్రిక ఈ సంచిక కోసం ఫొటో అడగడానికి వారింటికి వెళ్లినప్పుడు, ఎనిమిదేళ్ల కిందట పేరు పలికించుకున్న నరసరాజు గారు వంటింటి గుమ్మంలో నిలబడి, అల్లం పచ్చడితో మూడో పెసరట్టు అడుగుతున్నారు. ఆయుష్షుకు వచ్చిన లోటేమీ కనబడలేదు. ఇకమీదట ఏ ఫైలూ, ఏ గడియారమూ తొందరపెట్టని తీరికలో, ఊరికే పిలవాలనిపించి ఆ పేరును రోజూ పిలుచుకుంటూ, కామాక్షి గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.