పడవ ప్లగ్గు

షాదీపూర్‌లో ఒక షెడ్డు ముందు అమ్మకానికి నిలబెట్టిన జపాను రేసు బండిని, కాళమ్మ చేప మొప్పలెత్తి చూసినట్టు వంగి వంగి చూస్తోంది. ఆమె ఊఁ అంటేనే కూతురు సీతాలు వండూర్ రేసులో దిగేది.

"ఇది పాడైతే సామానెక్కడ దొరుకుద్దే? మెయిన్‌లాండ్ నుంచి ఈ దీవికి షిప్పొచ్చేదాకా దీనికి దండేసి కూకుంటావా?"

"అరే అమ్మా, చైను ఇక్కడి బళ్లదే పడతాది. షెడ్డు భయ్యా వేసి చూపించాడు."

"మరి ప్లగ్గో?"

సీతాలు జేబులోంచి గుడ్డలో చుట్టినదేదో తీసి విప్పింది.

"ఓసి దొంగముండా! అది మన పడవ ఇంజనుది కదే!"

"స్పేరుదేలే. పడవ ఇంజనూ జపానుదే కదా. బిగించే మరా ఒకటే, పొడుగూ ఒకటే. దేఖో!"

సీతాలు పానాతో పాత ప్లగ్గు విప్పి, పడవది బిగించి, కిక్కు కొట్టింది. బండి దగ్గి ఊరుకుంది. మళ్లీ కొట్టేసరికి షెడ్డు రేకులదిరేలా అందుకుంది.

"ఇదేటే, అచ్చం మన పడవలాగే అరుస్తోంది!"

"అయితే కొననా?"

"కొను. కానీ నేను యేటకెళ్లే పొద్దు నా ఇంజనాగిందా, రేసు మధ్యలోకొచ్చి ప్లగ్గు పీక్కుపోతాను."

"నన్నందుకుంటే కదా!"

"అందుకోడమెందుకు? ముందే ఎక్కి కూకుంటాను."

కాళమ్మ చీర ఎగ్గట్టి వెనక సీటెక్కి, కూతురి నడుం గట్టిగా పట్టుకుంది.

"ఊఁ, పోనీ. మెల్లగా పోనిచ్చావంటే ఊరుకోను."