ముందు సీట్లో పదకొండు నిమిషాలు

మనవరాలు దరఖాస్తు కాగితం పట్టుకుని తాత వెంట తిరగబట్టి అది మూడో రోజు. విమానం నడపడం నేర్పే బడిలో చేరాలంటే పెంచినవాళ్ల సంతకం కావాలి. చిన్నప్పటి నుంచి పెంచింది తాత. ఆయనేమో మొదటి రోజు కళ్లజోడు కనపడలేదన్నాడు, రెండో రోజు పెన్నులో సిరా లేదన్నాడు, ఇవాళ పొద్దున్నే కాజాలు కుట్టి కుట్టి చెయ్యి వణుకుతోందన్నాడు. నాలుగు గంటల టపాలో కాగితం వెళ్లకపోతే ఇక ఈ ఏటికి లేనట్టే.

ఆ టపా తీసుకెళ్లే పోస్ట్‌మాన్ తాత కుట్టుకొట్టు అరుగు మీదే కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. పక్క కొట్టు నుంచి సెలూన్ బాబాయి కూడా దువ్వెన చెవి మీద పెట్టుకుని వచ్చి చేరాడు. లోపల అమ్మమ్మ మిషను తొక్కుతోంది.

తాతని బతిమాలితే బిగుసుకుంటాడు, పొగిడితే కరుగుతాడు. ఆ సంగతి మనవరాలికి తెలుసు.

"తాతా, ఇందులో ఒక గడి ఉంది. ఇంట్లో ఎవరైనా విమానం ఎక్కి ఉంటే వివరాలు రాయాలట. నీ గురించి రాస్తాను, చెప్పు" అంది.

తాత చేతిలో ఉన్న చొక్కా పక్కన పెట్టేశాడు.

"రాసుకో. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. విమానాల మైదానంలో దర్జీని."

విమానానికి దర్జీ ఎందుకని మీరు అడగొచ్చు. ఆ కాలపు చిన్న విమానాల రెక్కలు రేకువి కావు. సన్నటి కర్రల చట్రం మీద గట్టి బట్ట బిగించి, సూదితో కుట్టి, పైన రంగు పూసేవారు. కుట్టు ఊడితే రెక్క ఊడినట్టే. కాబట్టి తాత చెప్పిన మొదటి మాట అక్షరాలా నిజం. మిగతావి మీరే చూడండి.

"ఆ మైదానం నుంచి విమానం లేపిన మొదటి ఆడమనిషి మా పైలటమ్మ. అప్పటిదాకా ఆడవాళ్లు విమానం చూడ్డానికి వచ్చేవారు, ఆవిడ నడపడానికి వచ్చింది. మగ పైలట్లంతా మూతి తిప్పారు. ఆవిడ కొలతకి తోలు కోటు కూడా లేదు. ఉన్నవన్నీ భుజాల మీంచి జారిపోయేవి. నేనే ఒకటి విప్పి తిరగకుట్టాను. పైకి లేచే రోజున నా దగ్గరకొచ్చి, దర్జీగారూ, నడిపేది వెనక సీట్లోంచే కదా, ముందు సీటు ఖాళీగా ఉంది, మీరు కూర్చుంటే నాకు కొండంత ధైర్యం అంది."

"అంతమంది ఉండగా మిమ్మల్నే ఎందుకడిగింది?" అన్నాడు బాబాయి.

"రెక్క కుట్టిందెవరయ్యా? సరే, లేచాం. కింద మనుషులు ఆవగింజలంత అయ్యారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టప్పుమని కుడి రెక్క కుట్టు తెగింది. పైలటమ్మ నా వైపు చూసింది. నేను సూది పళ్లతో పట్టుకుని రెక్క మీదికి నడిచాను."

"గాలికి పడిపోలేదా?"

"పడడానికి తీరిక ఏదీ? సగం కుట్టేసరికి దారం అయిపోయింది. అప్పుడేం చేశానో చెప్పుకోండి."

పోస్ట్‌మాన్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"పక్కనే పోతున్న మేఘం అంచు పట్టుకుని లాగాను. దూదే కదా, పోగు వచ్చింది. తొడ మీద పేని, సూదికి ఎక్కించి, రెక్క పూర్తి చేశాను. మేఘానికి చిరుగు పడింది మరి, పాపం అనిపించి దాన్ని పక్క మేఘంతో కలిపి కుట్టేశాను. ఆ ఏడు మన వీధిలో ఒక్క చినుకు రాలలేదు, గుర్తుందా? నా కుట్టు గట్టిదనం అది."

"నేనప్పటికి పుట్టలేదు పెద్దాయనా" అన్నాడు పోస్ట్‌మాన్.

"పుట్టినవాళ్లని అడుగు. ఈలోగా పైలటమ్మ అలిసిపోయి, కాస్త పట్టుకోండి దర్జీగారూ అని కునుకు తీసింది. నేను నడుపుతున్నాను. దారిలో సూర్యుడు కనపడ్డాడు. దగ్గరికెళ్లి చూద్దును కదా, అంచు అంతా పీచులు లేచి ఉంది. ఊరుకుంటామా? మడిచి కుట్టి, మిగిలింది కత్తిరించాను. ఇప్పుడంత గుండ్రంగా ఉన్నాడంటే ఎవరి చలవ?"

మనవరాలు ఒక్క ముక్క వదలకుండా రాసింది. చివరి వరుస చదివి వినిపించింది: "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను. సంరక్షకుడి సంతకం." పెన్ను చేతికిచ్చింది.

తాత పెన్ను ఆనించాడు. ఆగాడు.

నోటితో సూర్యుణ్ణి కత్తిరించే ఈ మనిషి కొలతల పుస్తకంలో పావంగుళం అబద్ధం రాసి ఎరగడు. కాగితమంటే ఆయనకి బట్టతో సమానం. తప్పు కోస్తే అతకదు.

"సూర్యుడి సంగతి కొట్టెయ్" అన్నాడు నెమ్మదిగా.

కొట్టేసింది.

"మేఘాలు, నేను నడిపింది కూడా."

"రెక్క మీద నడిచింది ఉంచనా తాతా?"

"అదీ తీసెయ్."

బాబాయి దువ్వెన చేతిలోకి తీసుకుని ముందుకి వంగాడు. కాగితం మీద తాత విమానం ఎక్కినట్టు ఇక ఒక్క వాక్యమే మిగిలింది.

"తాత ముందు సీట్లో కూర్చున్నారు. ఇది?"

తాత పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"మరి ఆ సీట్లో ఎవరు కూర్చున్నట్టు?" అన్నాడు పోస్ట్‌మాన్.

లోపల మిషను ఆగింది. అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నేను."

బాబాయి జరిగి ఆవిడకి అరుగు మీద చోటిచ్చాడు.

"ముందు సీటు ఖాళీగా ఉంటే విమానం సరిగ్గా తూగదని ఇసుక మూట పెట్టేవారు. ఆ రోజు ఎత్తుతుంటే మూట కుట్టు ఊడి ఇసుకంతా కారిపోయింది. కుట్టింది ఈయనే. పైలటమ్మకి ఒళ్లు మండి, మూట బదులు నువ్వే ఎక్కవయ్యా అంది. ఈయన ఒక కాలు పైన పెట్టి, రెండోది నేల మీంచి లేపనంటే దించేశారు. నేను అన్నం క్యారియరు ఇద్దామని వచ్చాను. నన్ను ఎగాదిగా చూసి, ఈ అమ్మాయి బరువు సరిపోతుంది అంది."

మనవరాలు నోరు తెరుచుకుని చూస్తోంది. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదమ్మమ్మా?"

"ఆయన చెబుతుంటే బాగుంటుందిగా. రాసుకో. అమ్మమ్మ, పదకొండు నిమిషాలు, ఇసుక మూట హోదాలో."

"మరి సంతకం?" అంది మనవరాలు తాత వైపు తిరిగి.

"ఎక్కినవాళ్లకేం, హాయిగా పైనుంటారు. కింద నిలబడ్డవాణ్ణి నేను. ఆ పదకొండు నిమిషాలు ఎలా గడిచాయో నాకు తెలుసు" అన్నాడు తాత. గొంతులో కోతలు లేవు. "మళ్లీ నావల్ల కాదే."

"నేను దిగాను కదండీ" అంది అమ్మమ్మ.

తాత ఆవిడని చూశాడు. పెన్ను మూత తీసి, ఇంటిపేరుతో సహా ఒక్కో అక్షరం కాజా కుట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. పోస్ట్‌మాన్ కాగితం కవరులో పెట్టి సంచీలో వేసుకున్నాడు గానీ లేవలేదు. బాబాయి కొట్లో సగం గడ్డంతో ఎవరో కేకేస్తున్నారు, ఆయనా లేవలేదు.

"ఇంతకీ," అన్నాడు తాత, "పైకెళితే నీకేం కనపడిందే?"

"ఇన్నాళ్లకి అడిగారా?"

"చెప్పేది నేనైతే అడగడానికి సందేదీ?"

అమ్మమ్మ అరుగు మీద కూర్చుంది. "మొదట కనపడింది మీరే. కిందకి చూస్తే మైదానంలో పక్కపక్కనే రెండు ఆకారాలు. ఒకటి అటూఇటూ తెగ ఊగుతోంది, ఒకటి బిర్రబిగుసుకుపోయి ఉంది. పాపం, కంగారు పడుతున్నారని ఆ ఊగేదానికే పదకొండు నిమిషాలూ చెయ్యి ఊపాను. దిగాక చూస్తే అది గుంజకి తగులుకుని గాలికి ఎగురుతున్న, ఇసుక కారిపోయిన గోనెసంచి."