కోటు పట్టుకున్న చెయ్యి

లా కాలేజీ ఉచిత న్యాయ సహాయ కేంద్రం తరఫున, జడ్జిగారి అనుమతితో ఓ మామ్మగారి ఇంటి కేసు తొలిసారి వాదించి వచ్చిన విద్యార్థిని, కోర్టు వరండాలో మాస్టారిని ఆపింది.

“మామ్మగారి ఇల్లు నిలబడింది సార్! అంతా మీ చలవే.”

“వాదించింది నువ్వు కదమ్మా.”

“జడ్జిగారు ఎదురు ప్రశ్న వేసేసరికి నోట మాట రాలేదు. చదివిందంతా ఆవిరైపోయింది. అయినా నా బదులు వాదించడానికి మీరు లేవలేదు. లేచుంటే మళ్ళీ జన్మలో కోర్టు మెట్లెక్కేదాన్ని కాదు. నా మీద అంత నమ్మకమా సార్?”

“నాకెక్కడిది? సగం లేచాను కూడా. వెనకనుంచి మామ్మగారే నా కోటు పట్టుకుని లాగింది.”

“ఆవిడా?”

“‘కూర్చోండి బాబూ, పిల్ల చెబుతుంది’ అంది.”

“ఓడితే పోయేది ఆవిడ ఇల్లే కదా సార్!”

“అందుకే, ఆ థాంక్సేదో ఆవిడకి చెప్పు. బయట బెంచీ మీద నీకోసమే కూర్చుంది.”