రెండు అనగానే ఎత్తాల్సిన భుజం

ఓహాయోలో ఏటేటా జరిగే కుస్తీ పోటీల ఫైనల్ అప్పుడే ముగిసింది. హాలు వెనకగదిలో ముసలి వస్తాదు బూట్లు విప్పుకుంటున్నాడు. కుర్ర వస్తాదు కప్పు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

“గురువుగారూ, ఎప్పట్లా ఉత్తుత్తి కుస్తీయే అయినా, ఈసారి గెలుపు మీకే ఇవ్వాలని పొద్దున అందరం అనుకున్నాం కదా!”

“అనుకున్నాంరా.”

“మరి నేను మీద పడితే అలా పడుకుండిపోయారేంటి? రిఫరీ మూడు లెక్కపెట్టేలోగా, రెండు అనగానే భుజం ఎత్తాలి కదా!”

“ఈ పోటీ పెట్టిన నాటినుంచీ ఫైనల్లో ఓడేది నేనేరా. ఒంటికి అలవాటైపోయింది.”

“చెవిలో ‘లేవండి, లేవండి’ అని మొత్తుకున్నాను!”

“భలే నటిస్తున్నాడే అనుకున్నా.”

“రెండుకీ మూడుకీ మధ్య రిఫరీ బూటు లేసు కూడా కట్టుకున్నాడండీ!”

“పాపం, మంచోడు. కాస్త కునుకు తియ్యనిచ్చాడు.”

“నవ్వకండి. గెలుస్తానని మీ ఆవిడకి చెప్పారా?”

“పొద్దున కాఫీ దగ్గరే చెప్పా. ముద్దు కూడా పెట్టింది.”

“అయ్యో! ఇప్పుడు ఆవిడకి మొహం ఎలా చూపిస్తారు?”

“తనకింకా తెలీదురా. ఏటా రిఫరీ రెండు అనగానే కుర్చీలోంచి లేచి, కారు వేడెక్కించడానికి మంచులోకి వెళ్ళిపోతుంది. గెలుస్తానని చెప్పినా ఇవాళా అలాగే లేచి వెళ్ళిపోయింది.”

“అలవాటేమో…”

“అదే కదా! ఏదీ, ఆ కప్పు ఇలా తే. రేపు పొద్దున ఇచ్చేస్తా.”