మూడో రాగి వాషర్

"మామోయ్! వాషర్ మిగిలింది మామోయ్!" అని నువ్వు ఆ సందు మొగదాల నుంచి అరిస్తే, నేను చెప్పులు గూడ తొడుక్కోకుండా వచ్చినా గదరా అల్లుడా! కూచ్చో, కూచ్చో. ఆ స్పానర్ కింద పెట్టు. బండి మళ్లీ విప్పే పన్లేదు. నవ్వుతాండానని కోపం తెచ్చుకోబాక. ఇంజన్ నెత్తిన మూత, ఆ టాపెట్ కవరుకు నట్లు రెండు, నీ చేతికి వచ్చిన రాగి వాషర్లు మూడు, అంతే గదా? మీ నాయన డబ్బాలో మూడు మూడు కలిపి దారం కట్టినవే గదా? ఆఁ. అయితే అది మిగలాల్సిన వాషరే. భయం లేదు. ఎందుకో చెప్తా, ఇను.

మీ నాయన, మా కాశయ్య బావ, పోయి పదకొండేండ్లాయ. ఇన్నాళ్లూ మేస్త్రే చూసుకున్నాడు, నువ్వు విప్పింది ఇదే తొలిసారి. ఈ చిన్న ట్రాక్టరు బండికి సర్వీసు అంటే మాత్రం ఆయప్ప కేక ఇప్పుడు గూడ నా చెవుల్లో ఉంది. "ఎవురూ ఇటు రాబాకండి!" అనేవాడు. తొలివాన ముందర కొమరోలు పోయి ఆయిలు డబ్బా తెచ్చుకొని కూచ్చునేవాడు. పాత ఆయిలు దించి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "ఏందిరా ఇది, మీ అక్క పెట్టిన కాఫీ మాదిరి ఉంది" అనేవాడు. లోపల్నుంచి మీ అమ్మ సుబ్బులమ్మ, "అయితే అదే తాగు పో!" అనేది. ఎయిర్ క్లీనర్ గిన్నె డీజిల్‌తో కడిగేవాడు, గ్రీజు కొట్టేవాడు, అంతా బావే. నేను చెయ్యి పెట్టబోతే "ఏడో తరగతి తప్పినోడివి, దూరం జరుగు" అనేవాడు. తను ఐదుకే బడి మానేసినాడు, ఆ సంగతి ఎవురడగాల? బావ అయిపాయ.

ఇంకొకటుంది. విప్పిన ప్రతి నట్టూ, ప్రతి వాషరూ తను అన్నం తినే కంచంలోనే పెట్టేవాడు. ఇదిగో, ఈ సొట్ట కంచమే. "కంచం ఖాళీ అయితే బండి బాగైనట్టు. అంతదాకా నాకు అన్నం యాడిది?" అనేవాడు. ఆయన తినంది ఇంట్లో ఇంకెవురు తింటారు? అందరం కడుపు మాడ్చుకొని కూచ్చునేవాళ్లం.

ఆ యేడు, నువ్వు ఇంకా పుట్టలేదులే, వాన తొందరపడి వచ్చింది. అంతకు ముందు రెండేండ్లు గింజ ఇంటికి రాలా. మేకల్ని అమ్మి తెచ్చిన కంది విత్తనాలు మూలన ఉన్నాయి. రెండు దినాల్లో దున్ని ఎయ్యకపోతే పదును ఆరిపోతాది. బావ తెల్లారకముందే బండి విప్పినాడు. అంతా బిగించుకుంటా వచ్చి, ఆఖరి నట్టు చేతిలో పట్టుకొని కంచం వైపు చూస్తే, కంచం ఖాళీ. నట్టు ఉంది, వాషర్ లేదు.

అప్పుడు పెట్టినాడు కేక, వీధి వీధంతా వచ్చింది! "బండి ముట్టబాకండి! లోపల పడింది!" టాపెట్ కవరు కింద రాడ్లు దిగే బొక్కలు ఉంటాయి గదా, అందులో పడితే నేరుగా ఇంజన్ అడుగుకే పోతాది. స్టార్ట్ చేస్తే ఇంజన్ ముక్కలైపోతాది. ఆ అడుగున ఆయిలు చాంబర్ విప్పాలంటే గిద్దలూరు నుంచి మేస్త్రి సంజీవరావు రావాల. ఆయన వచ్చి, విప్పి, మళ్లా ఎక్కించేసరికి మూడు దినాలు. ఇంక పదును యాడుంటాది? బావ మొహం చూడలేకపోయినా. మట్టి జల్లెడ పట్టినాం. బండి కింద పాకినాం. ఆఖరికి కోళ్ల గొంతులు గూడ తడిమినాం!

మీ జేజి గంగమ్మ, మీ నాయన కన్నతల్లి, నాకు అత్త, అరుగు మీద కూచ్చోని అంతా చూస్తా ఉంది. చూస్తా అంటే ఏముందిలే, పాపం, చూపు ఆనదు. "ఏం దేవులాడుతాండారు నాయనా?" అనింది. "రాగిదమ్మా. గుండ్రంగా, నడిమధ్యన బొక్క" అన్నాడు బావ, ఏడుపొక్కటే తక్కువ. "నా బొక్కకాణీనా? కట్టేస్తి గదా!" అనింది.

అందరం బండి ముందరికి పరిగెత్తినాం. రేడియేటర్ జాలీకి నల్లదారం, నిమ్మకాయ, మిరపకాయలు, వాటి నడిమధ్యన తళతళా మా రాగి వాషర్! పొద్దున్నుంచి మా ముక్కుల ముందరే ఊగులాడుతా ఉంది! ఏందంటే, దిష్టికి కట్టే పాత బొక్కకాణీ యాడో పోయిందని, ఎతికిపెట్టమని ముందు దినం రాత్రి ఆమె కొడుకుతో అనింది. "పొద్దున ఇస్తాలేమ్మా" అన్నాడంట. పొద్దున కంచంలో రాగి బిళ్ల చేతికి తగిలేసరికి, మా కాశయ్య నాకోసమే పెట్టినాడనుకుంది.

బావ ఆ మట్టిలోనే కూలబడి నవ్వినాడు చూడూ... నవ్వుతా నవ్వుతా గ్రీజు చేత్తోనే కండ్లు తుడుచుకున్నాడు. మొహమంతా నలుపు. వాషర్ ఎక్కించి, నట్టు బిగించి, స్టార్ట్ చేస్తే టక్కున అందుకుంది బండి. కంచం కడిగినారు. మూడు గంటలప్పుడు అందరం ఒక్కసారే కూచ్చోని తిన్నాం. మా అత్త మాత్రం ముద్ద పట్టుకొని, "నా దారం ఒట్టిదే ఊగులాడుతాంది గదరా" అనింది. "నీకొకటి ఏరేగా కొంటాలేమ్మా" అన్నాడు.

కొన్నాడు. అప్పట్నుంచి ప్రతి యేడూ మూడు. రెండు బండికి, ఒకటి అమ్మకు. ఆమె పోయినంక గూడ మూడే కట్టిపెట్టినాడు.

అదిరా. ఇటు తే ఆ వాషర్. అక్కా, నల్లదారం ఉందా ఇంట్లో? ఆఁ, అట్ల ఆ జాలీకే కట్టు అల్లుడా. ఇప్పుడు స్టార్ట్ చెయ్యి... ఇన్నావా, అదీ! ఇంక ఆపి, కంచం కడుక్కో. అమ్మా హారికా, నీ మొగుడితో పాటు నువ్వూ కూచ్చో తల్లీ, నిలబడి తినేదేంది. అక్కా, నువ్వు గూడ రా. అందరికీ వడ్డించు. కాదు కాదు, ఆ సొట్ట కంచం నాకొద్దు, గిరిధర్‌కు పెట్టు. డీజిల్ వాసన వస్తాందా అల్లుడా? వస్తాది. తిను. ఆ పప్పు ఇటు జరపండి.