రెండు వైపులా పదిహేడు

టీచరమ్మ ఇంట్లో ట్యూషన్‌కి అదే ఆఖరి రోజు. పిల్లలంతా వెళ్ళిపోగా మిగిలిన ఒక్క అమ్మాయి, పర్మాంగనేట్, ఐరన్‌ల సమీకరణాన్ని తుల్యం చేసి చూపించింది.

“తప్పు.”

“ఎక్కడ టీచర్? ఒక్కో ఐరన్ ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, మాంగనీస్‌కి ఐదు కావాలి. అందుకే ఐరన్‌ని ఐదుతో గుణించాను.”

“ఆవేశాలు సరిచూశావా?”

“చూశాను. రెండు వైపులా ప్లస్ పదిహేడే.”

“మళ్ళీ చూడు. కొంపలేమీ మునిగిపోవు.”

“మళ్ళీ మళ్ళీ చూశాను టీచర్. బయట అమ్మ ఎదురుచూస్తోంది.”

టీచరమ్మ ఖాళీ చాపల వైపు చూసింది.

“ఒప్పేలే. నీకిక నాతో పనిలేదు. వెళ్ళు తల్లీ.”

అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు వేసుకోబోతూ ఆగింది.

“రేపు నిజంగానే ఒకటి తప్పు చేసుకుని వస్తా టీచర్. ఇంట్లోనే ఉంటారుగా?”

“ఇంకెక్కడికి పోతానే?”