నోస్కే కారు ఇంజను

ఏంటమ్మాయ్, ఆ విమానం ముక్కు అలా ఉబ్బి ఉందేమిటని అడిగావా? బాగుంది! రేపట్నుంచి దాన్ని నడిపేదానివి, ఎవరూ చెప్పలేదా? కూర్చో, ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. ముక్కులో ఉన్నది కారు ఇంజనమ్మా. అవును, రోడ్డు మీద తిరిగే కారుదే. పెట్టింది లింటన్ నోస్కే. పోయి ఎన్నాళ్ళయిందో, నువ్వింకా పుట్టి ఉండవు. నదికి అవతల గోధుమ రైతు. చేతులు చూస్తే పారల్లా ఉండేవి. నవ్వితే మాత్రం పళ్ళు కనిపించకుండా నోటి మీద చెయ్యి పెట్టుకునేవాడు, పెళ్ళికూతురిలాగా.

అప్పట్లో మా క్లబ్బు పని అయిపోయినట్టే. ఇంజను లేని గ్లైడర్‌ని తాడు కట్టి పైకి లాక్కెళ్ళాలంటే ఓ విమానం కావాలి కదా, దాని ఇంజను ఊరికే చెడిపోయేది. ఏమిటంటే, ఈ నలభై డిగ్రీల ఎండలో బరువు లాగుతూ పైకెళ్ళేసరికి అది నిప్పుకణంలా కాగేది. తాడు వదిలేశాక గబగబా కిందికి దిగితే చల్లగాలి కొట్టి, కాగిన పెనం మీద నీళ్ళు చల్లినట్టే, పగుళ్ళు. పగులుతుందన్న భయంతో మెల్లిగా, మెల్లిగా దిగేవారు. ఇక్కడ మేమేమో వరసకట్టి టోపీలతో విసురుకుంటూ ఉండేవాళ్ళం. నోస్కే ఓ రోజు అన్నాడు, "నా కారు గొర్రెల ట్రాలీ లాగుతుంది, దుమ్ములో తిరుగుతుంది, ఇంటికొచ్చి చప్పున ఆపేస్తాను, ఏనాడైనా పగిలిందా? దాని ఇంజను చుట్టూ నీళ్ళుంటాయి, నీళ్ళు కాపాడతాయి. అలాంటిదే విమానానికి పెడదాం." మా ఆయన గోర్డన్ అప్పుడు క్లబ్బు ప్రెసిడెంటు. పగలబడి నవ్వాడు. "ఒరేయ్ నోస్కే, అలాగైతే వెనక గొర్రెల ట్రాలీ కూడా కట్టుకో, ఆకాశంలో అమ్ముకుందువు" అన్నాడు. మా ఆయన నోరు అలాంటిది. మంచివాడే, నోరే.

నోస్కే పట్టించుకోలేదు. గుద్దుకుని నుజ్జయిన ఓ కారు కొని, ఇంజను విప్పి, షెడ్డులో పెట్టుకుని కూర్చున్నాడు. కారు ఇంజను గిర్రున తిరుగుతుంది, విమానం ముందున్న పంకా అంత వేగం తట్టుకోలేదు, మధ్యలో ఓ గేర్ల పెట్టె కావాలి. అదే ప్రాణం తోడేసింది. ఒకటి చేస్తాడు, విరుగుతుంది. ఇంకొకటి చేస్తాడు, వేడెక్కుతుంది. ఆయన భార్య ఎల్మా నాతో అనేది, "వాల్డా, నేను గేర్ల పెట్టెగా పుట్టినా బాగుండేది, కనీసం నన్ను ఎత్తి చూసేవాడు" అని. ఎన్ని ఏళ్ళు పట్టిందో! సర్కారు వాళ్ళొచ్చి చూడటం, కాదనటం, మళ్ళీ రావటం. చివరికి సరే అన్నారు. ఎగిరింది! ఎంత మెత్తని చప్పుడనుకున్నావు! ద్రాక్షతోటల వాళ్ళు గోల గోల అని ఏడ్చేవాళ్ళు కూడా నోరు మూసుకున్నారు. గోర్డన్ మాత్రం, "చూద్దాం, చూద్దాం" అంటూనే ఉండేవాడు.

ఆ రోజు నా పుట్టినరోజు. ఎల్మా లామింగ్టన్ కేకులు చేసుకొచ్చింది, కొబ్బరి ఎక్కువేసింది, ఎప్పుడూ అంతే. గోర్డన్ "పద, నిన్ను పైన తిప్పుతాను" అన్నాడు. గ్లైడర్‌లో ముందు ఆయన, వెనక నేను. పిల్లలిద్దరినీ షెడ్డు నీడలో ఎల్మా దగ్గర వదిలాం. ముందు విమానంలో నోస్కే. లేచాం. అదిగో, ఆ మాలీ పొదలున్నాయే, గుబురు చెట్లు, కనుచూపు మేర, సరిగ్గా వాటి మీదున్నాం, ఇంకా ఎత్తు అందలేదు. ఉన్నట్టుండి మా గాజు కప్పు మీద పచ్చ నీళ్ళు చిమ్మాయి, ఇంజన్ని చల్లబరిచేవి. ముందు విమానం నుంచి తెల్లటి ఆవిరి. గొట్టం పగిలింది! గోర్డన్ రేడియోలో అరిచాడు, "నోస్కే, నీళ్ళు పోతున్నాయ్! మమ్మల్ని వదిలేసి నువ్వు దిగిపో!" మాకున్నట్టే నోస్కే చేతి దగ్గరా ఓ పిడి ఉంటుందిగా, లాగాడంటే తాడు ఊడిపోతుంది, తన దారి తను చూసుకోవచ్చు. నోస్కే అన్నాడు, "కింద చూడు గోర్డన్. చెట్ల మీద దిగుతావా? నోరు మూసుకుని తాడు బిగువుగా ఉంచు."

లాగాడమ్మా. నీటిబొట్టు లేని ఇంజనుతో లాగాడు. మెల్లిగా ఇటు తిప్పాడు, ఇంకాస్త పైకి, ఇంకాస్త. ఆ చప్పుడు మారిపోయింది, ముసలివాడి దగ్గులాగా. నేను దేవుణ్ణి తలుచుకోలేదు, పిల్లల చెప్పులు ఎక్కడ విప్పారో అనుకున్నాను, చూడు ఎంత పిచ్చో. "ఇప్పుడు వదులు" అన్నాడు. గోర్డన్ మా వైపు పసుపు పిడి లాగాడు, తాడు ఊడింది. మాది గ్లైడర్, ఆకులా తేలుతూ ఫీల్డు దాకా వచ్చేశాం. ఆయనది ఇనపమంచం కదా, ఇంజను ఆగితే పడటమే. దాని పంకా నిలువునా ఆగిపోవటం చూశాను. పొదలు దాటి కోసేసిన గోధుమ చేలో దిగి, కంచెని గుద్ది, ఓ చక్రం ఊడగొట్టుకున్నాడు.

గోర్డన్ ఆ మోళ్ళల్లో పరిగెత్తాడు, వెనక నేను. నోస్కే విమానం రెక్క నీడలో కూర్చున్నాడు, నుదురు చిట్లి రక్తం, చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. "అయ్యో వాల్డా, నీ పుట్టినరోజు పాడుచేశానే" అన్నాడు! తర్వాత ఇంజను వైపు చూసి, "బిగుసుకుపోయింది" అన్నాడు. అన్నేళ్ళ చాకిరీ. గోర్డన్ వెళ్ళి ఊడిన చక్రం ఎత్తుకొచ్చి ఆయన పక్కన పెట్టాడు. ఆ నోరున్న మా ఆయనే!

మర్నాడు పొద్దున లేచి చూస్తే మా కారు లేదు. ఆదివారం కారు, మంచి పంట వచ్చిన ఏడు కొన్నది, అందులో గోర్డన్ పిల్లల్ని బిస్కెట్టు కూడా తిననిచ్చేవాడు కాదు. దాన్ని తనే నోస్కే షెడ్డుకి తీసుకెళ్ళి, బానెట్టు ఎత్తి, తాళాలు బల్ల మీద పెట్టాడట. నోస్కే "తాగొచ్చావా?" అన్నాడట. "నీకు ఇంజను కావాలా వద్దా?" అని మా ఆయన. చలికాలం వచ్చి దాటేదాకా ఇద్దరూ అక్కడే, తిట్టుకుంటూ, గ్రీజు పూసుకుంటూ. నేను ట్రాక్టరు మీద సరుకుల కొట్టుకి వెళ్ళేదాన్ని, ఊరంతా నవ్వారు, నవ్వనీ. నువ్వు రేపు నడిపేది ఆ ఇంజనే. ఆ, మధ్యలో లోపలి ముక్కలు మార్చారనుకో.

చాలా ఏళ్ళకి, ఓ సాయంత్రం అడిగాను, "నోస్కే, ఆ రోజు మమ్మల్ని ఎందుకు వదల్లేదు? నువ్వు పోయేవాడివి కదా" అని. నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "నువ్వు రాకపోతే నీ పిల్లలకి ఆ రాత్రి ఎల్మా వంటే గతి. పాపం, పసివాళ్ళు, ఎలా తింటారు వాల్డా" అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాతి గొర్రెల బొచ్చు కత్తిరింపు రోజుల్లో, దొడ్లోనే, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలి, పోయాడు. మా పెద్దాడికి, ఆ రోజు ఎల్మా దగ్గర వదిలినవాడికే, ఇప్పుడు మనవరాలు పుట్టింది, తెలుసా? చిన్నది... ఇంత ఉంటుంది...

ఊఁ. గాలి దక్షిణానికి తిరిగినట్టుంది, చలి కొడుతోంది, ఆ తలుపు వేసెయ్యి.